కొరికే ఎలుకలు, కొరకని ఎలుకలు

"మా కోడలు అబద్ధం ఆడదని నేననను. నా వంట బాగుందని ఆరేళ్ళుగా ఆడుతూనే ఉంది. కానీ ఎలుకల విషయంలో మాత్రం ఆడదు. ఇది రాసి పెట్టుకోండి," అంది అత్తగారు పోలీస్ స్టేషన్ వరండాలో బల్లమీద కూర్చుని.

పేచీ రాసుకోలేదు. ఆవిడ ఏదీ రాసుకోదు, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. డిపార్ట్‌మెంటులో ఉన్నన్నాళ్ళూ ఆ అలవాటుతోనే పై అధికారుల ప్రాణం తీసి, ఆ పేరు సంపాదించుకుంది. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక కూడా పేరు వదల్లేదు. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఆవిడే పలకదు.

కొడుకుని విడిపించమనీ, అల్లుడి సంగతి తేల్చమనీ వచ్చిన అత్తగార్లని చాలామందిని చూసింది పేచీ. కోడల్ని విడిపించమని కాళ్ళరిగేలా తిరిగే అత్తగారిని చూడటం మాత్రం ఇదే మొదలు.

"సాయంత్రం కోర్టులో పెడతారట. రిమాండ్ అంటున్నారు. ఒకసారి జైలుకి వెళ్ళిందంటే దాని డాక్టరు పట్టా ఉంటుందా మేడం? చదివిన చదువంతా బూడిదే కదా!"

"సాయంత్రం ఇంకా రాలేదు కదమ్మా. ముందు నన్ను మాట్లాడనివ్వండి," అని లోపలికి నడిచింది పేచీ.

లాకప్‌లో పశువుల డాక్టరమ్మ నేలమీద కూర్చుని ఉంది. ముప్ఫై దాటని మనిషి, నిద్ర లేక కళ్ళు లోపలికి పోయాయి. బయట కానిస్టేబుల్ దగ్గర ఒక కుర్చీ ఖాళీగానే ఉంది. దానిమీద అతను తన టోపీ పెట్టుకున్నాడు. ఆ టోపీ చూడగానే పేచీకి ఒళ్ళు మండింది.

"మొదట్నించీ చెప్పమ్మా. మోకాళ్ళ నొప్పుల మందు. నువ్వే ఎలుకల మీద పరీక్షించావు, క్షేమమని సంతకం చేశావు. మళ్ళీ నువ్వే ప్రమాదం అన్నావు. ఇదేం లెక్క?"

"రెండూ ఒకటి కాదు మేడం." డాక్టరమ్మ గొంతు బొంగురుపోయింది. "నాకు మొదట పరీక్షకిచ్చింది నీళ్ళలో మరిగించిన కషాయం. మా కంపెనీ పెట్టిన పెద్ద వైద్యులుగారు, ఆయన తాతల కాలంనించీ చేసే పద్ధతి. ఎలుకలకి ఏమీ కాలేదు. ఉన్నమాటే రాశాను. తర్వాత ఒకరోజు మా అత్తయ్య తన మోకాళ్ళకని బజారునించి అదే మందు సీసా కొనుక్కొచ్చింది. మూత తీశానో లేదో స్పిరిట్ వాసన గుప్పుమంది."

"అంటే?"

"అదే వేరు, వండటం వేరు. నీళ్ళలో మరిగిస్తే కొంచెమే దిగుతుంది, పొద్దంతా పొయ్యి మండాలి. స్పిరిట్‌లో నానబెడితే వేరులో ఉన్నదంతా ఊడ్చుకుని దిగుతుంది. మందూ దిగుతుంది, నీళ్ళలో దిగని విషమూ దిగుతుంది. పరీక్షకి ఒకటి పంపించి, బజారుకి ఇంకొకటి పంపిస్తున్నారు. నా సంతకం మాత్రం రెండింటికీ సరిపోతోంది."

"అప్పుడేం చేశావు?"

"సీసా పట్టుకుని ల్యాబుకి వెళ్ళాను. అత్తయ్య వారం రోజులు నాతో మాట్లాడలేదు. బజారునించి మరికొన్ని తెప్పించి, కొత్తగా రెండు వరసల ఎలుకలతో పరీక్ష మొదలుపెట్టాను. ఎడమ వరసకి ఉత్త నీళ్ళు, కుడి వరసకి ఆ సీసాలో మందు. రెండు నెలలు తిరక్కుండానే కుడి వరసలో సగానికిపైగా పోయాయి. కోసి చూస్తే కాలేయాలు పాడైపోయి ఉన్నాయి మేడం, చేత్తో ముట్టుకుంటే విడిపోతున్నాయి. ఫ్రీజర్‌లో దాచి ఎండీకి చెప్పాను. మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు. ఆ మర్నాడు పోలీసులొచ్చారు."

ఎండీ అంటే పెద్ద వైద్యుడి కొడుకు, కంపెనీ నడిపేది అతనే. పోటీ కంపెనీ కోసం డాక్టరమ్మ దొంగ రిపోర్టు పుట్టించిందని అతని ఫిర్యాదు. ఇన్‌స్పెక్టర్ స్వయంగా వెళ్ళి చూశాడు. కుడి వరసలో ఎలుకలన్నీ నిక్షేపంగా, తోకలమీద గుర్తులతో సహా, బతికే ఉన్నాయి. బతికున్నవి చచ్చాయన్న మనిషి అబద్ధాలకోరు కాక మరేమవుతుంది?

"అవి నా ఎలుకలు కావు," అంది డాక్టరమ్మ. "చచ్చినవి తీసేసి, మిగిలిన నాలుగింటినీ తీసేసి, వరసంతా కొత్తవి పెట్టారు. కానీ ఎలా చెప్పను? అన్నీ తెల్లవే. తోకమీద ఇంకు గీతలే కదా గుర్తు. ఎవరైనా గీయగలరు."

"మందు ఎలా పడతావో చేసి చూపించు."

డాక్టరమ్మ వింతగా చూసింది. అయినా ఎడమచెయ్యి చాపి, లేని ఎలుకని వీపుమీదినించి పట్టుకుని, మెడ వెనక వదులు చర్మాన్ని రెండువేళ్ళతో బిగించింది. కుడిచేత్తో మొనకి గుండున్న సన్నటి గొట్టాన్ని బుగ్గ పక్కనించి గొంతులోకి జార్చి, సిరంజి నొక్కినట్టు చూపించింది.

"ప్రతి ఎలుకకీ ఇలాగేనా? రోజూ?"

"రోజూ. నీళ్ళ వరసకీ ఇంతే. ఉత్త నీళ్ళే కదా అని గిన్నెలో పోసి వదిలేస్తే లాభం లేదు. చేతిలో పట్టుకోవడం, గొట్టం దింపడం, ఆ హడావిడంతా రెండువైపులా సమానంగా ఉండాలి. తేడా మందులోనే ఉండాలి."

పేచీ లేచి, బయటికి వస్తూ, కుర్చీమీద టోపీ తీసి కానిస్టేబుల్ నెత్తిన పెట్టి, కుర్చీ లాకప్ దగ్గరికి తోసింది. "ఇది మనుషులు కూర్చోడానికి బాబూ," అంది.

*

కంపెనీ గేటు దగ్గర ఇన్‌స్పెక్టర్ ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. పేచీ దగ్గరే పని నేర్చుకున్నవాడు. అప్పట్లోనే అందరూ 'తొందర' అని పిలిచేవారు. కేసు ఎలా ముగిసినా సరే, ముగియడం ముఖ్యం అతనికి.

"వస్తారని తెలుసు. ఆ అత్తగారు మీ కాళ్ళమీద పడి ఉంటుంది. చూడండి, తప్పకుండా చూడండి. ఎలుకల్ని ఒక్కొక్కదాన్నీ నేనే లెక్కపెట్టాను," అన్నాడు.

"లెక్కపెట్టారు సరే. పలకరించారా?"

"ఏం పలకరించాలి? బాగున్నావా అనా?"

"నేను అడిగొస్తాను పదండి," అంది పేచీ.

ముందు హాల్లో పెద్ద వైద్యుడు వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాడు, తెల్లటి ధోవతి కట్టుకుని, పక్కన స్టూలు మీద మందు సీసా పెట్టుకుని. రోజూ పొద్దున వచ్చినవాళ్ళందరి ఎదుటా ఒక మూత మందు తాగి చూపించడం ఆయన పని. మా నాన్నగారు తాగుతున్నదే మీరూ తాగుతున్నారు అని కొడుకు చెప్పుకోడానికి. పేచీ నమస్కారం పెడితే ఆయన తల పంకించాడు. మనిషి బాగా చిక్కిపోయి ఉన్నాడు. వయసుకి అంతేలే అనుకుంది.

ఎండీ ఎదురొచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నలగని మాట. "మా తాతల మందు మేడం ఇది. మూడు తరాల నమ్మకం. ఒక అమ్మాయి అత్యాశకి ఇవాళ మేము పోలీసుల చుట్టూ తిరగాల్సొచ్చింది."

"పోలీసులే మీ చుట్టూ తిరుగుతున్నారు కదండీ," అంది పేచీ. తొందర దగ్గాడు.

ఎలుకల గది చిన్నది. గోడలకి తెల్ల టైల్సు, కిటికీకి మందపాటి అద్దం, రెండువైపులా ఇనప అరల్లో పంజరాలు. రంపపుపొట్టు వాసన, దానిమీద ఫినాయిల్ వాసన. పేచీ ముందు మూలనున్న ఫ్రీజర్ తలుపు తీసింది. లోపల ఏమీ లేదు. గోడలకి మంచు పొర కూడా పట్టలేదు, అద్దంలా మెరుస్తోంది.

"ఎప్పుడు కడిగారు?"

"మామూలుగానే. శుభ్రం చేస్తుంటాం," అన్నాడు ఎండీ.

"డాక్టరమ్మని గేటు దగ్గర ఆపిన రోజునా?"

"గుర్తులేదు."

"ఫ్రీజర్‌లో కాలేయాలున్నాయని ఆ అమ్మాయి చెప్పిన తర్వాతా, ముందా?"

"గుర్తులేదన్నాను కదండీ."

"మేడం," తొందర అడ్డం వచ్చాడు. "ఫ్రీజర్ శుభ్రంగా ఉంచుకోవడం నేరం అని ఏ సెక్షన్‌లో ఉంది? నాకు సాయంత్రం కోర్టుంది. మీకు ఆధారం కావాలి, లేకపోతే దారి కావాలి. దారి అటు."

పేచీ చీర చెంగు నడుముకి దోపింది. ఎడమ వరసలో ఒక పంజరం మూత తీసి చెయ్యి లోపలికి పెట్టింది. అందులో తెల్ల ఎలుకలు ముక్కులు ఎగరేసి వాసన చూశాయి. ఒకటి తీరిగ్గా వచ్చి ఆవిడ మణికట్టు మీదికి ఎక్కింది. డాక్టరమ్మ చూపించినట్టే వీపుమీదినించి పట్టుకుని పైకెత్తింది. అది కాళ్ళు వేలాడేసి, ఎప్పుడూ జరిగేదే కదా అన్నట్టు చేతిలో ఉండిపోయింది. రెండో పంజరం తీసింది. అక్కడా అంతే. మూడోదీ అంతే.

తర్వాత కుడి వరస.

మూత ఇలా తీసిందో లేదో లోపల కల్లోలం రేగింది. ఎలుకలన్నీ ఒకదానిమీద ఒకటి పడి మూలకి దూరాయి. పేచీ చెయ్యి పెట్టింది. కీచుమని అరుపు, ఆ వెంటనే చూపుడువేలిలోకి పళ్ళు దిగాయి. చెయ్యి వెనక్కి లాక్కుంది. నెత్తురు చుక్క నేలమీద పడింది. చెంగుతో వేలు చుట్టుకుని రెండో పంజరం తీసింది. మళ్ళీ అదే గోల, ఈసారి బొటనవేలు.

"ఏం చేస్తున్నారండీ! గ్లౌజులు లేకుండా..." ఎండీ కంగారుపడ్డాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇప్పుడు మీరు."

"నేనా?"

"మీరే. లెక్కపెట్టింది మీరే కదా. రండి, పలకరించండి."

తొందర మొహం చూస్తే ఎలుకల మీద అతనికి మొదట్నించీ సదభిప్రాయం లేదని తెలిసిపోతోంది. ఎండీ ఎదురుగా వెనక్కి తగ్గలేక, ఎడమ వరసలో చెయ్యి పెట్టాడు. ఒక ఎలుక వచ్చి అరచేతిలో కూర్చుని మీసాలు దువ్వుకుంది. కుడి వరసలో పెట్టాడు. "అమ్మా!" అని గెంతాడు. వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"అర్థమైందా?" అంది పేచీ. "రెండు నెలలపాటు ఈ గదిలో ప్రతి ఎలుకనీ రోజూ చేత్తో పట్టి, ఎత్తి, నోట్లో గొట్టం దింపారు. ఎడమ వరసకి నీళ్ళు, కుడి వరసకి మందు. తేడా అంతే. మొదట్లో కొరికినా, రోజూ అదే చెయ్యి వస్తుంటే అలవాటు పడిపోతాయి. ఎడమ వరస అలవాటు పడింది. కుడి వరస మనిషి చెయ్యే ఎరగదు. వీటిని ఎవరూ ఎప్పుడూ పట్టుకోలేదు, వీటికి ఎవరూ ఏ మందూ పట్టలేదు. ఇవి మొన్న మొన్న వచ్చిన ఎలుకలు. తోకలమీద ఇంకు పూసినంత తేలిగ్గా అలవాటు పూయలేకపోయారు."

ఎండీ నవ్వాడు, కానీ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. "మందు వల్ల కాస్త చురుకుదనం పెరిగిందేమో. మూలికలకి ఆ గుణం ఉంటుంది."

"అలాగైతే సీసామీద అచ్చు వేయించండి. ఇది తాగినవాళ్ళు ఎదురొచ్చినవాళ్ళని కరుస్తారు అని."

తొందర వేలు నోట్లోంచి తీశాడు. ఒక్కక్షణం మెత్తబడినట్టే కనిపించాడు. మళ్ళీ భుజాలు సరిచేసుకున్నాడు. "మేడం, నాకు అర్థమైంది. కానీ కోర్టులో ఏం చెప్పను? ఎలుక కరిచింది కాబట్టి ముద్దాయి నిర్దోషి అనా? నవ్విపోతారు. కేసు నడవనివ్వండి. ఆ అమ్మాయి తప్పు చేయకపోతే బయటికి అదే వస్తుంది."

"ఎప్పుడొస్తుంది? పట్టా పోయాకా? ఊళ్ళో అందరూ దొంగ డాక్టరని పిలిచాకా?" పేచీకి ఇక ఆగలేదు. "ఏం మనుషులయ్యా మీరు! మాట రాని జీవాలు చచ్చి సాక్ష్యం చెప్పాయి, ఈ సీసా తాగొద్దని. వాటి శవాలు పారేశారు, ఫ్రీజర్ కడిగేశారు, ఆ సాక్ష్యం విన్న ఒకేఒక్క మనిషిని లాకప్‌లో నేలమీద కూర్చోబెట్టారు. బజారులో ఆ మందు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కలేని ముసలమ్మలు, తాతల మందని కళ్ళకద్దుకుని తాగుతున్నారు. మీకేమో సాయంత్రం కోర్టుంది, తొందర!"

"ఎవరు చెప్పారు నా మందు తాగొద్దని?"

అందరూ వెనక్కి తిరిగారు. గుమ్మంలో పెద్ద వైద్యుడు గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అరుపులు హాలు దాకా వినిపించాయి. ఒక చేతిలో సీసా ఉంది. రొప్పుతున్నాడు.

"మా తాత చేశాడు దీన్ని. మా నాన్న చేశాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళు మండేదాకా మరిగించాను. ఎలుకలు చచ్చాయా? నా మందుకా? రోజూ తాగుతున్నాను నేను! చూడండి, ఇప్పుడే మీ ముందే తాగుతాను."

మూత తిప్పి, అందులోకి మందు వంపాడు. గదిలో స్పిరిట్ వాసన లేచింది. ఆయనకి ముక్కు సరిగా పనిచేస్తున్నట్టు లేదు. మూత పెదాల దాకా వెళ్ళింది.

పేచీ కొడుకు మొహం చూసింది. ఇప్పుడు ఆపుతాడు అనుకుంది. ఎంత నీచుడైనా ఇప్పుడు ఆపక తప్పదు. ఎండీ కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ ముందుకి దూకేలోపే ఇంకో చెయ్యి వెళ్ళి పెద్దాయన మణికట్టుని గట్టిగా పట్టుకుంది. మందు ఒలికి ధోవతిమీద గోధుమరంగు మరక పడింది. ఆ చెయ్యి తొందరది.

"ఎందుకు ఆపారు ఇన్‌స్పెక్టర్ గారూ?" అంది పేచీ నెమ్మదిగా. "ఎలుకలన్నీ బతికే ఉన్నాయి కదా. మీరే లెక్కపెట్టారు కదా."

తొందర పెద్దాయన చెయ్యి వదల్లేదు.

"నాన్నా, మీరు వెళ్ళి కూర్చోండి," అన్నాడు ఎండీ. "ఏమిటండీ ఈ నాటకం! రోజూ తాగుతున్నదే కదా, ఇంకో మూత తాగితే కొత్తగా అయ్యేదేముంది?"

అన్నాక తెలిసింది అతనికి ఏం అన్నాడో. కానీ మాట బయటపడిపోయింది.

పెద్దాయన సీసా కళ్ళదగ్గరికి తెచ్చుకుని చూశాడు. మూత ముక్కు దగ్గర పెట్టుకుని, చాలాసేపు, పట్టుదలగా వాసన చూశాడు. తర్వాత నాలిక చివర అద్దుకోబోయి ఆగాడు. "ఇది మరిగించింది కాదు," అన్నాడు.

"నాన్నా, కాలం మారింది. పొయ్యిమీద మరిగిస్తూ కూర్చుంటే..."

"నీకు తెలుసు. ఎలుకలు చచ్చాయని ఆ డాక్టరమ్మ నీకు చెప్పింది. చెప్పాక కూడా రోజూ పొద్దున నువ్వే నాకు సీసా తెచ్చి ఇచ్చావు."

"జనం చూస్తున్నారు, ఒక్కసారిగా మీరు మానేస్తే అనుమానం..." కొడుకు మాట మింగేశాడు.

"ముక్కూ మొహం తెలియని పోలీసువాడు నా చెయ్యి పట్టుకున్నాడురా," అన్నాడు పెద్దాయన.

పేచీ ఆయన భుజం పట్టుకుని కిటికీ దగ్గరికి నడిపించింది. వెలుతురులో ఆయన కంటి కింద రెప్పని బొటనవేలితో కిందికి లాగింది. తెల్లగుడ్డు పసుపు పట్టి ఉంది. రెండో కన్నూ అంతే. అరచేతులు తిప్పి చూసింది. అవీ అంతే. హాల్లో నమస్కారం పెట్టినప్పుడు వయసు అని సరిపెట్టుకున్నది వయసు కాదు. కుడి వరసలో ఎలుకలకి పట్టినది ఈ మనిషికీ పట్టారు, అందరి ఎదుటా, రోజూ.

"ఇన్‌స్పెక్టర్ గారూ, కారు తెప్పించండి. ముందు ఆస్పత్రి," అంది.

"ముందు ఫిర్యాదు," అన్నాడు పెద్దాయన.

"అయ్యా, మీ ఒంట్లో..."

"నా ఒంట్లో ఏముందో నాకు తెలియదా? నేను వైద్యుణ్ణి." కిటికీ చట్టం పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "రాయవయ్యా ఇన్‌స్పెక్టరూ. మందు మార్చింది నా కొడుకు, ఎలుకల్ని మార్చింది నా కొడుకు. బజారులో ఉన్న ప్రతి సీసా వెనక్కి తెప్పించాలి. ఫిర్యాదు నాది, సంతకం నాది. నా కాలేయం సాయంత్రందాకా ఆగుతుంది. ఆ అమ్మాయిని మాత్రం అంతదాకా ఆగనివ్వకండి."

ఎండీ గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు. తొందర ఎలుక కరిచిన చేత్తోనే అతని కాలరు పట్టుకుని, రెండో చేత్తో స్టేషన్‌కి ఫోన్ కలిపాడు.